ఇందాకటి ఫైల్ ఎవరికి గుర్తుంది?

మార్చి నెల. గుంటూరు మిర్చి యార్డులో సీజన్ మంచి ఊపు మీద ఉన్న రోజులు. సాయంత్రం నాలుగింటికి ఒక కమీషన్ కొట్టు నుంచి గుమస్తా గారు ఫోన్ చేశారు.

"ఏమండీ, తక్‌పట్టీలో హమాలీ రెండుసార్లు కట్ అవుతోంది. పొద్దున్నే సరిచేశానన్నారు కదా? రైతు ఎదురుగానే కూర్చున్నాడండీ."

"సరిచేశానండీ. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి, చూసి చెప్తాను" అన్నాను.

తక్‌పట్టీ అంటే సరుకు అమ్మాక రైతుకి ఇచ్చే లెక్క చీటీ. ఆ కొట్టుకి లెక్కల ప్రోగ్రామ్ రాసింది నేనే. టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, రేటు, కమీషన్, హమాలీ, చివరికి రైతు చేతికి వచ్చే సొమ్ము, అన్నీ 'పట్టీ' అనే ఒక పైథాన్ ఫైల్‌లో తేలతాయి. బ్రాడీపేటలోని మా గదిలో ఉన్న కంప్యూటర్‌లో ఆ ఫైల్ రెండు చోట్ల ఉంటుంది. 'టెస్ట్' ఫోల్డర్‌లో ఒకటి, 'లైవ్' ఫోల్డర్‌లో ఒకటి. కొట్టుకి వెళ్ళేది లైవ్‌లోది. పొద్దున హమాలీ లైన్ దిద్దిన మాట నిజం. ఏ ఫోల్డర్‌లో దిద్దానన్నది మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అవతల రైతు కూర్చుని ఉన్నాడంటే ఇవతల టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇందాక తెరిచిన ఫైల్‌ని మళ్ళీ తెరవడం వినడానికి చాలా చిన్న పని. వర్డ్, ఎక్సెల్ వాడేవాళ్ళకి 'రీసెంట్' అనే జాబితా కంటి ముందే ఉంటుంది, ఒక్క క్లిక్‌తో పని అయిపోతుంది. లైనక్స్ డెస్క్‌టాప్‌లోనూ అలాంటిది ఒకటి ఉంది, కానీ కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో విమ్ లాంటి ఎడిటర్‌తో తెరిచిన ఫైళ్ళు అందులోకి ఎక్కవు. టెర్మినల్‌లో పనిచేసేవాళ్ళం ముగ్గురు సాక్షుల్ని అడిగి తెలుసుకోవాలి. ఒకటి డిస్క్ మీద ఫైళ్ళని దాచే ఫైల్ సిస్టమ్, రెండు మనం టైప్ చేసిన కమాండ్లని నడిపే షెల్, మూడు ఫైళ్ళని దిద్దే ఎడిటర్. ముగ్గురూ అబద్ధం చెప్పరు. అయితే ముగ్గురూ చూసింది ఒకే సంగతి కాదు. 'ఇటీవల' అనే మాటకి ముగ్గురి దగ్గరా మూడు అర్థాలున్నాయి. ఆ తేడా తెలియకపోతే ఎంత మంచి టూల్ పెట్టుకున్నా ఏదో ఒక రోజు తప్పు ఫైల్ తెరుచుకుంటుంది. తెలిస్తే ఐదారు లైన్ల స్క్రిప్ట్‌తో పని జరుగుతుంది.

ముల్లుకి గుచ్చిన చీటీలు

పాత కొట్లలో బల్ల మీద చెక్క దిమ్మకి నిలబెట్టిన ఇనప ముల్లు ఒకటి ఉంటుంది. వచ్చిన చీటీని వచ్చినట్టే దానికి గుచ్చేస్తారు. కొత్తది పైన, పాతది అడుగున. ఫైల్ సిస్టమ్ ఇచ్చే వరస అచ్చంగా అలాంటిదే.

లైనక్స్‌లో ప్రతి ఫైల్‌కీ ఐనోడ్ అనే చిన్న రికార్డు ఉంటుంది. అందులో ముఖ్యంగా మూడు టైములు కనిపిస్తాయి. ఎంటైమ్ అంటే ఫైల్‌లో ఉన్న విషయం చివరిసారి మారిన టైము. ఏటైమ్ అంటే చివరిసారి చదివిన టైము. సీటైమ్‌ని చాలామంది ఫైల్ పుట్టిన టైము అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. ఐనోడ్‌లో ఏది మారినా సీటైమ్ మారుతుంది. పర్మిషన్ మార్చినా, ఓనర్‌ని మార్చినా కొత్త టైము పడుతుంది.

చదివిన టైము ఉన్నప్పుడు, ఇందాక తెరిచిన ఫైల్ ఏదో దాన్ని బట్టి తెలిసిపోదా అనిపిస్తుంది. తెలియదు. ఫైల్ చదివినప్పుడల్లా డిస్క్ మీద టైము రాస్తూ కూర్చుంటే మిషన్ నెమ్మదిస్తుంది. అందుకని 2009లో వచ్చిన లైనక్స్ 2.6.30 నుంచి 'రెల్‌ఏటైమ్' అనే పద్ధతి మామూలైపోయింది. అప్పటికున్న ఏటైమ్, ఎంటైమ్ కన్నా లేదా సీటైమ్ కన్నా పాతదైతేనో, రాసి 24 గంటలు దాటితేనో తప్ప కొత్త టైము రాయరు. పైగా బ్యాకప్ తీసినా, గ్రెప్ అనే వెతికే కమాండ్ నడిపినా అదీ చదవడం కిందికే వస్తుంది.

ఇక మిగిలింది ఎంటైమ్. 'ఎల్ఎస్' కమాండ్‌కి 'మైనస్ టీ' తగిలిస్తే ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళు కొత్తవి ముందుగా వరసకడతాయి. లోపలి ఫోల్డర్లు కూడా జల్లెడ పట్టాలంటే 'ఫైండ్' కావాలి. దానికి 'మైనస్ ఎంమిన్' ఇచ్చి పక్కన మైనస్ 60 అని పెడితే గత గంటలో మారిన ఫైళ్ళన్నీ వస్తాయి. నిజానికి అన్నీ వచ్చేస్తాయి. ప్రోగ్రాములు రాసుకునే లాగ్‌లు, తాత్కాలికంగా దాచుకునే క్యాష్ ఫైళ్ళు, పైథాన్ తనంతట తాను తయారుచేసుకున్న ఫైళ్ళు, వాటి మధ్యలో ఎక్కడో మీ ఫైల్.

ఆ సాయంత్రం నేను మొదట అడిగింది ఈ సాక్షినే. లైవ్‌లోని పట్టీ మధ్యాహ్నం 1:20కి మారిందని, టెస్ట్‌లోది పొద్దున 11:10కి మారిందని చెప్పింది. అయితే లైవ్‌లోనే దిద్దాను, ఇంకేం అని ఊపిరి పీల్చుకున్నాను. కానీ తెరిచి చూస్తే హమాలీ లైన్ పాతదే ఉంది. ఒక్క క్షణం నా కళ్ళని నేనే నమ్మలేదు. దిద్దినది మళ్ళీ చెరిగిపోయిందా?

కోడ్‌లో మార్పుల చరిత్రని దాచే టూల్ గిట్. ఒకే కోడ్‌కి అందులో విడివిడిగా నడిచే రూపాలు బ్రాంచ్‌లు. జరిగిందేమిటంటే, మధ్యాహ్నం ఇంకో పని కోసం లైవ్ ఫోల్డర్‌లో గిట్ బ్రాంచ్ మార్చి, పని చూసుకుని మళ్ళీ పాత బ్రాంచ్‌కి వచ్చాను. రెండు బ్రాంచ్‌ల మధ్య తేడా ఉన్న ప్రతి ఫైల్‌నీ గిట్ కొత్తగా రాస్తుంది. అలా రాసిన టైమే ఎంటైమ్ అయి కూర్చుంటుంది. నేను ముట్టుకోలేదు, గిట్ ముట్టుకుంది. ఐనోడ్‌లో 'ఎప్పుడు' ఉంటుంది కానీ 'ఎవరు' ఉండదు. చీటీ గుచ్చిన చెయ్యి ఎవరిదో ముల్లుకి తెలిసే దారి లేదు.

కాపీ చేసేటప్పుడూ ఇదే చిక్కు. 'సీపీ'తో మామూలుగా కాపీ చేస్తే కొత్త ఫైల్‌కి ఇప్పటి టైము పడుతుంది. 'మైనస్ పీ' కలిపితేనే పాత టైము నిలబడుతుంది. కాపీ చేసే ఇంకో కమాండ్ 'ఆర్‌సింక్' కూడా 'మైనస్ ఏ' ఇచ్చినప్పుడు పాత టైముని కాపాడుతుంది. అందుకే ఒకే ఫోల్డర్‌ని ఇద్దరు రెండు రకాలుగా కాపీ చేస్తే, ఒకరి దగ్గర అన్నీ ఇవాళ్టి ఫైళ్ళలా, ఇంకొకరి దగ్గర నిరుటి ఫైళ్ళలా కనిపిస్తాయి.

నాలుగో లైను, కానీ ఏ పేట?

రెండో సాక్షి షెల్. మనం కొట్టిన కమాండ్లని బాష్ అనే షెల్ ఒక హిస్టరీ ఫైల్‌లో దాస్తుంది. సెట్టింగ్ ఏమీ మార్చకపోతే 500 లైన్ల దాకా ఉంచుతుంది. కంట్రోల్ నొక్కి ఆర్ కొట్టి ఒకటి రెండు అక్షరాలు టైప్ చేస్తే పాత కమాండ్ ముందుకొస్తుంది. అలా వెతికితే 'విమ్ పట్టీ' అని మూడు లైన్లు దొరికాయి. కొట్టినప్పుడు నేను ఏ ఫోల్డర్‌లో ఉన్నానో మాత్రం ఏ లైన్లోనూ లేదు.

గుంటూరు వాళ్ళకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఆటో ఎక్కి "నాలుగో లైను" అంటే డ్రైవర్ వెనక్కి తిరిగి చూస్తాడు. బ్రాడీపేటలోనూ నాలుగో లైను ఉంది, అరండల్‌పేటలోనూ ఉంది. పేట చెప్పాలి, లైను చెప్పాలి, అడ్డరోడ్డు చెప్పాలి. బ్రాడీపేట అడ్రస్‌లో 4/14 అని రాస్తే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని. ఫైల్ అడ్రస్‌లో, అంటే పాత్‌లో, స్లాష్ చేసే పనీ అదే, పెద్దదాని లోపల చిన్నది ఎక్కడుందో చెప్పడం. షెల్ హిస్టరీలో ఎక్కువగా మిగిలేది పేట పేరు లేని అడ్రస్.

ఈ సాక్షికి ఇంకో పరిమితి కూడా ఉంది. ఎడిటర్‌లోకి వెళ్ళాక అక్కడి నుంచి తెరిచిన రెండో ఫైల్, మూడో ఫైల్ సంగతి షెల్‌కి అసలు తెలియదు. షెల్ మిమ్మల్ని గుమ్మం దాకా దించింది, లోపల ఏ గదిలోకి వెళ్ళారో అది చూడలేదు.

లోపల ఉన్నవాడిని అడగాలి

మూడో సాక్షి ఎడిటర్. నేను వాడేది విమ్. బ్రామ్ మూలెనార్ 1991లో మొదటిసారి విడుదల చేసిన ఎడిటర్ ఇది. ఆయన 2023 ఆగస్టులో కన్నుమూశారు. ముప్పై ఏళ్ళకి పైగా ఒకే పనిని అంత ఓపికగా చూసుకున్న మనిషి. ఇప్పుడు నేను చెప్పబోయే చిన్న సౌకర్యం కూడా ఆ ఓపికలోంచి వచ్చిందే అని నాకనిపిస్తుంది.

విమ్‌ని మూసినప్పుడు అది మీ హోమ్ ఫోల్డర్‌లో 'విమ్‌ఇన్ఫో' అనే ఫైల్‌లో కొన్ని సంగతులు రాసుకుంటుంది. పేరు ముందు చుక్క ఉంటుంది కాబట్టి మామూలుగా కనపడదు. అది సాదా టెక్స్ట్, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఒకసారి తెరిచి కిందికి వెళ్ళండి. బాణం మొనలా కుడివైపు చూసే గుర్తుతో మొదలయ్యే లైన్లు కనిపిస్తాయి. ఆ గుర్తు పక్కన ఫైల్ పూర్తి అడ్రస్ ఉంటుంది, పేటతో సహా. దాని కింద కొంచెం లోపలికి జరిగిన చిన్న చిన్న లైన్లుంటాయి. నక్షత్రం గుర్తున్న లైన్లో టైము, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో. డబుల్ కోట్ ఉన్న లైన్లో, ఫైల్‌ని వదిలినప్పుడు కర్సర్ ఏ లైన్లో ఎన్నో అక్షరం దగ్గర ఉందో ఆ అంకెలు. చుక్క ఉన్న లైన్లో చివరి మార్పు జరిగిన చోటు. చివరగా వాడిన ఫైల్ అన్నిటికన్నా పైన ఉంటుంది.

ఆ సాయంత్రం నా విమ్‌ఇన్ఫోలో రెండు పట్టీలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. లైవ్‌లోని దాని కింద కర్సర్ 1వ లైన్లో ఉంది. చుక్క 48వ లైన్ దగ్గర ఉంది, అది పోయిన వారం తేదీ ఫార్మాట్ మార్చిన చోటు. టెస్ట్‌లోని దాని కింద కర్సరూ 212, చుక్కా 212. హమాలీ లెక్క ఉన్నది 212వ లైన్లోనే. పొద్దున లైవ్‌లోని ఫైల్‌ని తెరిచి ఊరికే చూసి మూసేశాను, దిద్దింది టెస్ట్‌లో. దాన్ని లైవ్‌లోకి తెచ్చి కొట్టుకి పంపాను. గుమస్తా గారు కొత్త తక్‌పట్టీ ప్రింట్ తీశారు. ఐదు నిమిషాలన్నవాడిని ఇరవై నిమిషాలు తీసుకున్నాను.

నా మనసులో స్థిరపడిన మాట ఇదే. 'ఇందాక నేను పనిచేసిన ఫైల్ ఏది' అన్న ప్రశ్నకి నేరుగా జవాబు తెలిసినది ఎడిటర్ ఒక్కటే. ఫైల్ సిస్టమ్‌కి తెలిసింది ఏం మారిందో, షెల్‌కి తెలిసింది ఏం టైప్ చేశామో. చేతిలో సగంలో ఆగిన పని ఏమిటో కావాలంటే నాలుగో సాక్షి 'గిట్ స్టేటస్' ఉంది. అది టైముని కాకుండా, చివరి కమిట్ (గిట్‌లో మార్పుల్ని దాచడం) తర్వాత ఏ ఫైల్ తేడాగా ఉందో చెబుతుంది.

జాబితా, ఎంపిక, తెరవడం

విమ్ లోపలే ఉంటే ఏ టూలూ అక్కర్లేదు. కోలన్ కొట్టి 'ఓల్డ్‌ఫైల్స్' అంటే పాత ఫైళ్ళు నంబర్లతో వస్తాయి. ముందు 'బ్రౌజ్' అని కలిపితే నంబర్ అడిగి ఆ ఫైల్ తెరుస్తుంది. అంతకన్నా నాకు ముద్దుగా అనిపించేది సున్నా మార్క్. ఖాళీ విమ్ తెరిచి సింగిల్ కోట్, ఆ వెంటనే సున్నా కొడితే, క్రితంసారి విమ్‌ని మూసినప్పుడు ఎక్కడున్నారో ఆ ఫైల్‌లో ఆ లైన్ దగ్గరికే తీసుకెళ్తుంది. సున్నా బదులు ఒకటి కొడితే అంతకు ముందుసారి ఆపిన చోటు.

టెర్మినల్ నుంచి నేరుగా తెరవాలంటే 'వి' అనే చిన్న షెల్ స్క్రిప్ట్ ఒకటి చాలాకాలంగా ఉంది. అది చేసే పని తెలుసుకుంటే ఇంతేనా అనిపిస్తుంది. విమ్‌ఇన్ఫోలో బాణం గుర్తున్న లైన్లని ఏరుతుంది, నంబర్లు వేసి చూపిస్తుంది, మీరు నంబర్ ఇస్తే ఆ ఫైల్‌ని విమ్‌లో తెరుస్తుంది. పేరులో ఒక ముక్క ఇస్తే ఆ ముక్క ఉన్నవాటినే చూపిస్తుంది. నేను రాసుకున్న స్క్రిప్ట్‌లో నంబర్ బదులు ఎఫ్‌జెడ్‌ఎఫ్ వాడాను. జునెగన్ చోయ్ 2013లో మొదలుపెట్టిన టూల్ అది. ఏ జాబితా ఇచ్చినా, అక్షరాలు కొడుతుండగానే వడకట్టి చూపిస్తుంది. జాబితా ఇచ్చేది ఒకటి, ఏరేది ఒకటి, తెరిచేది ఒకటి. మధ్యలో ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైప్. ఎవరి పని వారిది కాబట్టి రేపు ఎడిటర్ మారినా జాబితా ఇచ్చే ముక్క ఒక్కటి మారిస్తే చాలు.

అలా మార్చాల్సిన అవసరం నిజంగానే వస్తుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ అనే ఎడిటర్‌కి మారినవాళ్ళకి విమ్‌ఇన్ఫో ఉండదు. దాని బదులు 'షాడా' అనే ఫైల్ ఉంటుంది, అది మెసేజ్‌ప్యాక్ అనే బైనరీ రూపంలో ఉండటంతో గ్రెప్‌తో ఏరడం కుదరదు. అక్కడ నియోవిమ్‌నే పిలిచి ఓల్డ్‌ఫైల్స్ జాబితా అడిగి తెచ్చుకోవాలి. ఇంకో సంగతి, విమ్ మామూలుగా 100 ఫైళ్ళ గుర్తులే ఉంచుకుంటుంది. సెట్టింగ్‌లో 'విమ్‌ఇన్ఫో' అనే ఆప్షన్‌లోని ఆ 100ని నేను 500 చేసుకున్నాను. సీజన్ అయ్యాక మళ్ళీ డిసెంబర్‌లో ఆ కొట్టు పని తెరిస్తే, పాత ఫైళ్ళ పేర్లు ఇంకా జాబితాలోనే ఉంటాయి.

గుమస్తా జ్ఞాపకం లెక్క

ముల్లుకి గుచ్చిన వరస ఒక్కోసారి చాలదు. ఒక్కసారి తెరిచి చూసిన ఫైల్ పైకొచ్చేసి, రోజూ వాడేది కిందికి జారిపోతుంది. అనుభవమున్న గుమస్తా బుర్ర అలా పనిచెయ్యదు. నిన్న మొదటిసారి వచ్చిన రైతూ గుర్తుంటాడు, పదేళ్ళుగా ప్రతి సీజన్‌లో సరుకు తెచ్చే రైతూ గుర్తుంటాడు. ఎన్నిసార్లు వచ్చాడు, ఎంత ఈమధ్య వచ్చాడు, రెండూ కలిపి తూస్తాడు. కంప్యూటర్ వాళ్ళు దీనికి 'ఫ్రీసెన్సీ' అని పేరు పెట్టారు. 2008లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3 అడ్రస్ బార్‌తో ఈ మాట బాగా జనంలోకి వచ్చింది.

ఫోల్డర్ల మధ్య గెంతడానికి వాడే జాక్సైడ్ అనే టూల్‌లో ఆ లెక్క ఎవరైనా చేతి వేళ్ళ మీద చేసుకోవచ్చు. ఎన్నిసార్లు వెళ్ళామో అది స్కోరు. చివరిసారి వెళ్ళి గంట లోపైతే దాన్ని 4తో హెచ్చిస్తుంది. ఒక రోజు లోపైతే 2తో హెచ్చిస్తుంది. వారం లోపైతే 2తో భాగిస్తుంది. వారం దాటితే 4తో భాగిస్తుంది.

ఇదే లెక్క ఫైళ్ళకి కట్టి చూద్దాం. పట్టీ ఫైల్ ఇప్పటికి 40 సార్లు తెరిచాను, చివరిసారి మూడు రోజుల క్రితం. 40ని 2తో భాగిస్తే 20. ఇవాళే మొదలుపెట్టిన రిపోర్టు ఫైల్ 6 సార్లు తెరిచాను, చివరిసారి పావుగంట క్రితం. 6ని 4తో హెచ్చిస్తే 24. ఇప్పుడు రిపోర్టు పైన ఉంటుంది, అది న్యాయమే, చేతిలో ఉన్న పని అదే. భోజనానికి వెళ్ళి రెండు గంటలాగి వస్తే రిపోర్టు స్కోరు 12కి పడిపోతుంది, పట్టీ మళ్ళీ పైకొస్తుంది. ఇక్కడే నాకు ఈ లెక్కతో పేచీ. మధ్యాహ్నం భోజనం చేసొచ్చినంత మాత్రాన చేతిలో పని మారిపోదు కదా! అందుకే ఫోల్డర్లకి ఫ్రీసెన్సీ వాడతాను, ఫైళ్ళకి మాత్రం ముల్లు వరసనే ఉంచుకుని ఎఫ్‌జెడ్‌ఎఫ్‌తో పేరు కొట్టి ఏరుకుంటాను. రోజూ రెండు మూడు ఫైళ్ళతోనే పనిచేసేవాళ్ళకి నా అభిప్రాయం నచ్చకపోవచ్చు. వాళ్ళకి ఫ్రీసెన్సీయే హాయి.

కరెంటు పోయిన మధ్యాహ్నం

ఎడిటర్ మంచి సాక్షే కానీ, సాక్ష్యం రాసేది మూసేటప్పుడు. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అప్పటికే నీరసించి ఉంది, మిషన్ టక్కున ఆగిపోయింది. తిరిగి ఆన్ చేశాక నా స్క్రిప్ట్ కొడితే ముందురోజు ఫైళ్ళు వచ్చాయి. పొద్దున్నించి తెరిచి ఉంచిన విమ్ ఒక్కసారి కూడా మూయలేదు, దాంతో ఆ రోజు పనిలో ఒక్క ముక్కా విమ్‌ఇన్ఫోలోకి చేరలేదు. రాసిన కోడ్ మాత్రం పోలేదు. విమ్ 200 అక్షరాలు టైప్ చేసినప్పుడో, 4 సెకన్లు చెయ్యి ఆపినప్పుడో స్వాప్ ఫైల్ అనే తాత్కాలిక ఫైల్‌లోకి దాస్తుంది. 'మైనస్ ఆర్' ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నాను. అయితే ఏయే ఫైళ్ళు తెరిచానో ముందు వాటి స్వాప్ ఫైళ్ళని 'ఫైండ్'తో వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే సెట్టింగ్‌లో ఒక లైన్ కలిపాను. ఫైల్ సేవ్ చేసినప్పుడల్లా 'డబ్ల్యూవిమ్‌ఇన్ఫో' అనే కమాండ్ దానంతట అదే నడుస్తుంది.

జాబితా ఉన్నట్టుండి కదలకుండా ఆగిపోతే ఇంకో కారణం చూడండి. ఎప్పుడో అడ్మిన్ అధికారం ఇచ్చే 'సుడో'తో విమ్ నడిపి ఉంటారు, విమ్‌ఇన్ఫో ఫైల్ రూట్ అనే అడ్మిన్ ఖాతా సొంతమైపోయి ఉంటుంది. మీ విమ్ అందులో రాయలేక ఈ137 అనే ఎర్రర్ చూపిస్తుంది. 'చోన్' కమాండ్‌తో ఓనర్‌ని మీ పేరుకి మార్చేస్తే సరిపోతుంది. సిస్టమ్ ఫైళ్ళు దిద్దాలంటే 'సుడోఎడిట్' వాడటం మేలు. అప్పుడు విమ్ మీ పేరుతోనే నడుస్తుంది, విమ్‌ఇన్ఫో ఫైలూ మీ పేరు మీదే ఉంటుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. విమ్‌ఇన్ఫోలో ఉండేవి ఫైల్ పేర్లు మాత్రమే కావు. వెతికిన మాటలు, కోలన్ కొట్టి ఇచ్చిన కమాండ్లు, కాపీ చేసిన టెక్స్ట్ కూడా ఉంటాయి. కాపీ చేసినది దాచే చోటుని విమ్‌లో రిజిస్టర్ అంటారు, మామూలు సెట్టింగ్‌లో ఒక్కో రిజిస్టర్‌లో 50 లైన్ల దాకా. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న లైన్‌ని ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్‌కి మార్చారనుకోండి, అది అక్కడ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. సొంత మిషన్‌లో ఫర్వాలేదు. యార్డులోని ఆ కొట్టులో కంప్యూటర్ ఒక్కటే. గుమస్తా గారు కూర్చుంటారు, లెక్కలు రాసే కుర్రాడు కూర్చుంటాడు, సీజన్‌లో ఇంకెవరైనా కూర్చుంటారు, అందరిదీ ఒకటే లాగిన్. అక్కడ నేను విమ్‌ని 'మైనస్ ఐ' పక్కన 'నన్' అని ఇచ్చి తెరుస్తాను. అలా తెరిస్తే విమ్ ఏమీ గుర్తుపెట్టుకోదు. ఆ ఒక్క మిషన్‌లో ఏ ఫైల్ ఎన్నో లైన్ దగ్గర ఆపానో డైరీలో పెన్నుతో రాసుకుని జేబులో పెట్టుకుని వస్తాను.